ఆర్‌ఎన్‌ఏ, వైరాలజీ, ఇమ్యూనాలజీ: మూడింట్లో ఏది ఎంచుకోవాలని అడిగిన ఆమదాలవలస చెల్లికి

చెల్లీ, వయసులో నాకంటే చాలా చిన్నదానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది ఇది. ఆమదాలవలసలో ఉంటావు, శ్రీకాకుళంలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది, ఇంటర్ దాకా తెలుగు మీడియం. కోవిడ్ టీకాల గురించి చదివినప్పటి నుంచి ఆర్‌ఎన్‌ఏ, వైరస్‌లు, రోగనిరోధక శక్తి, ఈ మూడింటి మీదా మనసు పడింది. మూడింట్లో ఏది తీసుకోవాలి, సైంటిస్ట్ కావాలంటే ఎన్నేళ్లు పడుతుంది, ఇంట్లో బీఈడీ చేసెయ్యమంటున్నారు, ఏం చెప్పాలి?

నాది బొబ్బిలి వైపు పల్లె. విజయనగరంలో డిగ్రీ, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, విదేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) చేసి, ఇప్పుడు మన దేశంలోనే ఒక చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. మా పని డెంగ్యూ వైరస్ ఆర్‌ఎన్‌ఏ మీద. అందుకని నాకు తెలిసిన దారి చెబుతాను.

ముందు ఆ మొదటి ప్రశ్న. మూడింట్లో ఒకటి ఎంచుకోవాలన్న టెన్షన్ వదిలెయ్. సిలబస్‌లో అవి మూడు పేపర్లు, ల్యాబ్‌లోకి వచ్చేసరికి చాలాసార్లు ఒకటే ప్రశ్న: కణం తన ఆర్‌ఎన్‌ఏకీ, పరాయి ఆర్‌ఎన్‌ఏకీ తేడా ఎలా పట్టుకుంటుంది? మన ప్రతి కణంలోనూ ఆర్‌ఎన్‌ఏ నిండా ఉంటుంది. డెంగ్యూ, చికున్‌గున్యా, ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు మోసుకొచ్చేది కూడా ఆర్‌ఎన్‌ఏనే. రెండిట్లోనూ రసాయన అక్షరాలు అవే నాలుగు. ఊళ్లోకి కొత్తమనిషి వస్తే రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు మొహం చూడకుండానే నడకను బట్టి చెప్పేస్తారే, కణం చేసే పని కూడా దాదాపు అలాంటిదే. రాసిన విషయం చదవదు, తీరు చూస్తుంది.

ఆ తీరు ఏమిటంటే, మన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ముందు కొసకి ఒక టోపీ ఉంటుంది, దాన్ని క్యాప్ అంటాం. చాలా వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు ఆ కొస టోపీ లేకుండా, మూడు ఫాస్ఫేట్లతో బోడిగా ఉంటుంది. కణంలో రిగ్-ఐ అనే ప్రొటీన్ ఆ బోడి కొసనే పట్టుకుంటుంది. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ప్రొటీన్ పని కనిపెట్టారు. అది గుర్తుపట్టేది ఆ మూడు ఫాస్ఫేట్లనేనని 2006లో తేలింది. పొడవాటి జంటపోగు ఆర్‌ఎన్‌ఏ కనబడితే ఎండీఏ-5 అనే ఇంకొకటి లేస్తుంది. ఇవి లేచాయంటే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ విడుదలవుతుంది, చుట్టుపక్కల కణాలన్నీ జాగ్రత్తపడతాయి. జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు ఈ హడావిడి ఫలితమే.

వైరస్ కూడా ఊరుకోదు. కరోనావైరస్ తన ఆర్‌ఎన్‌ఏకి అచ్చం మన టోపీ లాంటిదే తానే కుట్టుకుంటుంది. ఫ్లూ వైరస్ అయితే మన ఆర్‌ఎన్‌ఏ టోపీని ముక్కతో సహా కోసి తనకి తగిలించుకుంటుంది. డెంగ్యూ చేసే పని నాకు అన్నిటికంటే ఇష్టం. మన కణంలో ఎక్స్‌ఆర్‌ఎన్-1 అనే ఎంజైమ్ ఉంది, పాత ఆర్‌ఎన్‌ఏలని ముందు కొస నుంచి నమిలేస్తుంది. డెంగ్యూ ఆర్‌ఎన్‌ఏని కూడా నములుకుంటూ వస్తుంది. కానీ వైరస్ ఆర్‌ఎన్‌ఏ తోక దగ్గర తనలో తానే మెలికపడి గట్టి ముడిలా ఉంటుంది. ఎంజైమ్ అక్కడికొచ్చి ఆగిపోతుంది. నమలగా మిగిలిన ఆ ముక్క కొన్ని వందల అక్షరాలే, కానీ అదే ఇంటర్‌ఫెరాన్ దారిని అడ్డుకుంటుంది. తనను తినడానికి వచ్చిన ఎంజైమ్ చేతనే వైరస్ ఆయుధం చేయించుకుంటోందన్నమాట. ఇది ఆర్‌ఎన్‌ఏ బయాలజీయా, వైరాలజీయా, ఇమ్యూనాలజీయా? మా ల్యాబ్‌లో మూడు రకాల చదువులవాళ్లూ దీని మీదే పనిచేస్తున్నారు.

కోవిడ్ టీకా కథ కూడా ఇక్కడిదే. ల్యాబ్‌లో తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏని ఎక్కిస్తే ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) రేగేది, అందుకే దాన్ని మందుగా వాడడం కుదరదని చాలామంది వదిలేశారు. హంగరీలో ఒక చిన్న ఊళ్లో మాంసం కొట్టు నడిపే ఆయన కూతురు కాటలిన్ కరికో వదల్లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో గ్రాంట్లు రాక, 1995లో ఆమె హోదా కూడా తగ్గించారు. తర్వాత అక్కడే డ్రూ వైస్‌మన్ అనే ఇమ్యూనాలజిస్ట్ తోడయ్యాడు. ఆమెకి ఆర్‌ఎన్‌ఏ తెలుసు, ఆయనకి రోగనిరోధక వ్యవస్థలో కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు తెలుసు. మన ఒంట్లోని ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ ఎందుకు మంట పుట్టించదని చూస్తే, దాని అక్షరాల్లో సహజంగానే చాలా మార్పులు ఉన్నాయి. యూరిడిన్ అనే అక్షరం బదులు దాని మారిన రూపం సూడోయూరిడిన్ పెట్టి చూశారు, మంట తగ్గింది. 2005లో ఆ పరిశోధన పేపర్ వచ్చింది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020 చివర్లో ఆ పునాది మీదే టీకాలు వచ్చాయి, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నీకు చెప్పదలచుకున్నది ఇద్దరూ పట్టుకున్న ఆ ఒక్క ప్రశ్న గురించే. ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే తెలిసినవాళ్లకి గానీ, ఇమ్యూనాలజీ ఒక్కటే తెలిసినవాళ్లకి గానీ అది అంది ఉండేది కాదు.

ఈ తేడా పట్టడం తప్పినా కష్టమే. మన సొంత జంటపోగు ఆర్‌ఎన్‌ఏల మీద గుర్తులు మార్చే ఏడార్-1 అనే ఎంజైమ్ ఉంది. పుట్టుకతోనే అది దెబ్బతిన్న పిల్లలకి ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే ఇంటర్‌ఫెరాన్ పొంగుతూ ఉంటుంది, మెదడు దెబ్బతింటుంది. వైరస్ కోసం మొదలుపెట్టిన ప్రశ్న ఇలా పసిపిల్లల జబ్బు దగ్గరికి తీసుకెళుతుంది. అందుకే చెబుతున్నాను, ప్రశ్న పట్టుకో. ఎంఎస్సీ మైక్రోబయాలజీ అయినా, బయోకెమిస్ట్రీ అయినా, బయోటెక్నాలజీ అయినా ఫర్వాలేదు. పీహెచ్‌డీకి వచ్చేటప్పుడు ఇంటర్వ్యూలో నీ డిగ్రీ పేరు ఎవరూ రెండోసారి అడగరు.

ఇక పని ఎలా ఉంటుందో కాస్త దగ్గర్నుంచి చూపిస్తాను, ఎందుకంటే టీవీలో చూసి వచ్చినవాళ్లు ఇక్కడే నీరసపడతారు. ఆర్‌ఎన్‌ఏ మహా సున్నితం. దాన్ని తినేసే ఎంజైములు మన చేతుల మీద, చెమటలో, ఉమ్ములో ఉంటాయి, ఆటోక్లేవ్ (ఆవిరి కుక్కర్ లాంటిది)లో పెట్టినా పూర్తిగా చావవు. గ్లవ్స్ వేసుకుని తలుపు గడియ ముట్టుకున్నా, ఫోన్ ఎత్తినా గ్లవ్స్ మార్చుకోవాలి. కణాల్లో వాటిని కరిగించే ట్రైజాల్ పోసి, క్లోరోఫాం కలిపి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబులో మూడు పొరలు వస్తాయి. అడుగున గులాబీ రంగు, మధ్యలో పల్చటి తెల్లటి పొర, పైన నీళ్లలా రంగులేనిది. మనక్కావలసింది ఆ పైపొర. కొత్తగా వచ్చినవాళ్లు ఇంకాస్త దొరుకుతుందని ఆశపడి చివరిదాకా లాగుతారు, పిపెట్ మొన తెల్లపొరకి తగిలి డీఎన్‌ఏ అంతా కలిసిపోతుంది. పైన కొంచెం వదిలెయ్యడం నేర్చుకోవాలి. తర్వాత ఐసోప్రొపనాల్, మళ్లీ తిప్పడం. ట్యూబు అడుగున కనబడీ కనబడని ఒక చుక్క మిగులుతుంది. ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. ఎక్కువ ఆరితే మళ్లీ కరగదు.

అది బాగుందో లేదో జెల్ మీద కరెంటుతో నడిపి చూస్తే తెలుస్తుంది. రెండు స్పష్టమైన గీతలు రావాలి, పైది కిందిదానికి దాదాపు రెండింతలు మెరవాలి. గీతల బదులు కింద దాకా పొగలా పాకిందంటే ఆర్‌ఎన్‌ఏ పోయినట్టే, మళ్లీ కణాలు పెంచడం దగ్గర్నుంచి మొదలు. వారం పోతుంది. మా స్టూడెంట్లలో నేను చూసే మొదటి గుణం ఇదే: పొగ వచ్చిన రోజు సాయంత్రం ట్యూబు మీద రాసినదీ, నోట్‌బుక్‌లో రాసినదీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతారా లేదా అని. తెలివి దాని తర్వాతే.

లైవ్ వైరస్‌తో పని అంటే ఇంట్లోవాళ్లు భయపడతారు, అడుగుతారు కూడా. డెంగ్యూ మీద పని సాధారణంగా రెండో స్థాయి భద్రత ఉన్న ల్యాబ్‌లో జరుగుతుంది. కోవిడ్ వైరస్‌ని పెంచాలంటే మూడో స్థాయి కావాలి. నిపా లాంటివాటికి నాలుగో స్థాయి, దానికి పుణె ఎన్‌ఐవీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ) లాంటి చోటు ఉండాలి. ట్రైనింగ్ లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వరు. చాలా ప్రయోగాలకి అసలు పూర్తి వైరస్ అక్కర్లేదు, ఇతర కణాలకి అంటుకోలేని ముక్కలతో సరిపోతుంది.

ఇప్పుడు దారి. ఎంఎస్సీకి నీ దగ్గర చాలా తలుపులున్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ అయితే ఏపీ పీజీసెట్ అనే ఎంట్రన్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. బయోటెక్నాలజీ ఎంఎస్సీలకి గ్యాట్-బి. ఐఐటీలకి జామ్, బెంగళూరు ఐఐఎస్‌సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా జామ్ స్కోరే ఒక దారి. సీటు ఎక్కడొచ్చినా ఒకటి గుర్తుపెట్టుకో: ఎంఎస్సీలో ఆరు నెలల ప్రాజెక్టు నిజమైన ల్యాబ్‌లో, నీ చేత్తో చేసిందై ఉండాలి. బయట కోచింగ్ సెంటర్లు డబ్బు తీసుకుని ‘ప్రాజెక్టు’ పేరుతో ఇచ్చే ఫైలు ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు కూడా నిలవదు.

మన జిల్లాల పిల్లలు ఎప్పుడూ హైదరాబాద్ వైపే చూస్తారు. ఒక్కసారి రైలు అటువైపు కాకుండా ఇటువైపు ఎక్కి చూడు. మీ ఊళ్లోనే ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో బరంపురం, అక్కడ ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది. ఇంకొంచెం పైకి వెళ్తే భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, నైసర్ ఉన్నాయి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో చికున్‌గున్యా మీద మంచి పని జరుగుతోంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, తిరుపతిలో ఐసర్, తిరువనంతపురంలో రాజీవ్‌గాంధీ సెంటర్, ఢిల్లీలో ఎన్‌ఐఐ, ఐసీజీఈబీ, ఫరీదాబాద్‌లో టీహెచ్‌ఎస్‌టీఐ, ఇవన్నీ నీ ప్రశ్నకి సరిపోయే పరిశోధన సంస్థలే.

పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షతో వచ్చే జేఆర్ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్), డీబీటీ, ఐసీఎంఆర్ వాళ్ల ఫెలోషిప్‌లు, గేట్. నెట్ లైఫ్ సైన్సెస్‌లో 200 మార్కుల్లో సగం పార్ట్-సి. అక్కడ బట్టీ పనిచేయదు. ప్రయోగం ఫలితం ఇచ్చి దీని అర్థం ఏమిటని అడుగుతారు. తప్పు జవాబుకి మార్కులు పోతాయి కూడా. అందుకే గైడ్ పుస్తకాల బిట్లు మానేసి పాఠ్యపుస్తకంలోని ప్రయోగాల బొమ్మలు చదువు.

ఫెలోషిప్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ తర్వాత రిసెర్చ్ అసోసియేట్‌గా మొదట్లో 58,000. డబ్బు నెలనెలా ఒకటో తారీకు పడుతుందని అనుకోకు. నెలలు ఆలస్యమై ఒకేసారి రావడం చాలా ల్యాబ్‌ల్లో పిల్లలు పడే బాధ. కొంచెం వెనకేసుకుని మొదలుపెట్టు.

ఏళ్లు లెక్కేస్తే, ఎంఎస్సీ రెండు, పీహెచ్‌డీ ఐదు నుంచి ఆరు, పోస్ట్‌డాక్ మూడు నుంచి ఐదు. అంటే సొంత ల్యాబ్ అనేసరికి ముప్పై మూడు, ముప్పై ఐదు ఏళ్లు వస్తాయి. దాచిపెట్టి చెప్పడం నీకు మంచిది కాదు. సొంత ల్యాబ్ అందరికీ రాదు కూడా. ప్రకటన ఒకటి పడితే వందల్లో అప్లికేషన్లు వస్తాయి. కానీ ఈ చదువు చదివినవాళ్లు ఖాళీగా కూర్చున్నది నేను చూడలేదు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో టీకా కంపెనీలు, పుణెలో మన దేశపు మొదటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసిన జెనోవా, డయాగ్నస్టిక్ కంపెనీలు, పెద్ద ఆసుపత్రుల్లో వైరస్ పరీక్షల ల్యాబ్‌లు. కోవిడ్ రోజుల్లో జిల్లా బోధనాసుపత్రుల్లో ఆర్‌టీపీసీఆర్ నడిపింది ఈ చదువులవాళ్లే. విదేశంలో పోస్ట్‌డాక్ చేసి తిరిగి రావాలనుకునేవాళ్లకి రామలింగస్వామి, రామానుజన్ ఫెలోషిప్‌లు, ఇండియా అలయన్స్ గ్రాంట్లు ఉన్నాయి. నేను వచ్చిందీ అలాంటి దారిలోనే.

వీటన్నిటికంటే గట్టిగా చెప్పేది పీహెచ్‌డీ చేయించే గైడ్ గురించి. ఇన్‌స్టిట్యూట్ పేరు చూసి చేరి, గైడ్ మంచివాడు కాక మధ్యలో వదిలేసిన పిల్లలని చూశాను. మంచి మార్కులు, మంచి చేతులు ఉన్నవాళ్లే. చేరకముందు ఆ ల్యాబ్‌లో నాలుగో ఏడాది, ఐదో ఏడాది చేస్తున్నవాళ్లని విడిగా కలువు. ఇక్కడ పీహెచ్‌డీ అయ్యేసరికి ఎన్నేళ్లు పట్టింది, పేపర్ల మీద మొదటి పేరు స్టూడెంట్‌దేనా, ప్రయోగం పోయినప్పుడు సార్ లేదా మేడం ఏమంటారు, ఆదివారం ఇంటికి వెళ్లనిస్తారా. మొహమాటపడకుండా అడుగు. ఇంతకు ముందు అక్కడ చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఇంటర్నెట్‌లో చూడు. ఒక చిన్న యూనివర్సిటీలో స్టూడెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని డేటా చూసే గైడ్, పెద్ద పేరున్న చోట రెండు నెలలకోసారి కనిపించే గైడ్ కంటే వెయ్యి రెట్లు మేలు.

తెలుగు మీడియం గురించి. అది నిజమైన ఇబ్బందే, కానీ నువ్వు భయపడేంత కాలం ఉండదు. వారానికి ఒక పేపర్ చదువు, పబ్‌మెడ్ సెంట్రల్‌లో, బయోఆర్కైవ్‌లో, ఈ వెబ్‌సైట్లలో లక్షల పరిశోధన పేపర్లు ఉచితం. మొదటి వాక్యం నుంచి చదవకు. ముందు బొమ్మలు చూసి, ఒక్కో బొమ్మకి ఏ ప్రశ్న అడిగారు, ఏ కంట్రోల్ (పోల్చి చూడడానికి పెట్టే నమూనా) పెట్టారు అని తెలుగులోనే నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత రాత చదివితే ఇంగ్లీషు దానంతట అదే లొంగుతుంది. ఇంటర్వ్యూల్లో ప్యానెల్ మాట్లాడే తీరు చూడదు. ‘నీ ప్రాజెక్టులో నెగటివ్ కంట్రోల్ ఏది? అది లేకపోతే ఏం పొరపాటు పడేదానివి?’ అని అడుగుతారు. బోర్డు దగ్గరికి వెళ్లి గీసి చూపించు. వాక్యం తడబడినా గీత తడబడకపోతే చాలు. ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు నేను మార్కులు వేసేది దానికే.

ఇంటి మాట. బీఈడీ మంచి చదువే, టీచర్ ఉద్యోగానికి మన దగ్గర ఉన్న గౌరవం న్యాయమైనదే. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగం కూడా గౌరవంగా బతికే దారే. కానీ నీకు మనసు రిసెర్చ్ మీద ఉంటే రెండేళ్ల బీఈడీ ముందు చేసి తర్వాత చూద్దామనుకోవద్దు, చేతి పని మర్చిపోతావు, చదివే ఊపు పోతుంది. ‘ఇంకా సదువేటమ్మా, పెళ్లెప్పుడు సేసుకుంటావు’ అని పండక్కి వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. వాళ్లకి జవాబు చెప్పాల్సిన పని లేదు. అమ్మానాన్నలకి మాత్రం లెక్క చెప్పు. ఎంఎస్సీ రెండేళ్లకి ఇంత ఖర్చు, ఆ రెండేళ్లలోపు నెట్ రాస్తాను, ఫెలోషిప్ వస్తే ఆ తర్వాత మీ మీద ఆధారపడను, రాకపోతే ఫలానా ఉద్యోగం చూసుకుంటాను. మన తల్లిదండ్రులకి భయం చదువంటే కాదు, ముగింపు తెలియని చదువంటే. పెళ్లి, పిల్లలు పీహెచ్‌డీకి అడ్డు కావాల్సిన పని లేదు. మా ల్యాబ్‌లో పెళ్లయి, పాపని చూసుకుంటూ థీసిస్ రాసిన అమ్మాయి ఉంది. భర్త, అత్తగారు తోడున్నారు, అది నిజం. ఆ తోడు లేనిచోట కష్టం రెట్టింపు అవుతుంది, అదీ నిజమే. కాబట్టి సంబంధం మాట వచ్చినప్పుడు ఈ విషయం దాచకుండా ముందే చెప్పడం నీకే మంచిది.

ల్యాబ్ లేకుండా ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. జన్యు సమాచారం దాచిపెట్టే ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో డెంగ్యూ నాలుగు రకాల జీనోమ్‌లు (వైరస్ ఆర్‌ఎన్‌ఏ పూర్తి రాత) ఉచితంగా దొరుకుతాయి, ఒక్కోటి సుమారు 10,700 అక్షరాలు. దించుకుని, నాలుగింటి తోకల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడు. పైన చెప్పిన ఆ ముడి దగ్గర ఏ అక్షరాలు మారలేదో, ఏవి మారాయో రంగు వేసుకో. మామూలు లాప్‌టాప్ చాలు, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఇంకా తేలిక. ఏటా వానాకాలంలో మన్యం వైపు నుంచి, మన ఊళ్ల నుంచి డెంగ్యూ కేసుల వార్తలు చదువుతూనే ఉంటావు కదా, ఆ జ్వరం వెనకున్న అక్షరాలు అవే.

ఆ పని ఒక పేజీ అయ్యాక, ఎంఎస్సీలో చేరాక, సమ్మర్ ప్రాజెక్టు కోసం సైంటిస్టులకి మెయిల్ రాయి. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్’ అనే మెయిల్ రోజుకి చాలా వస్తాయి, తెరవను కూడా. వాళ్ల ఫలానా పేపర్‌లో ఫలానా బొమ్మ చూశాను, నాకు ఈ సందేహం వచ్చింది, నేను డెంగ్యూ తోకల మీద ఈ చిన్న పని చేశాను, జత చేస్తున్నాను, మే, జూన్‌లో ఖాళీ ఉంది అని ఎనిమిది లైన్లలో రాస్తే తప్పకుండా చదువుతాం. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారేమో, దానికి బాధపడకు. సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కి కూడా పెట్టు. దాని అప్లికేషన్లు శీతాకాలంలోనే ముగిసిపోతాయి కాబట్టి చలి మొదలవగానే వెబ్‌సైట్ చూస్తూ ఉండు.

ఏ ఎంట్రన్స్ రాస్తున్నావో, కెమిస్ట్రీ ఎలా ఉందో కింద రాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ బలహీనంగా ఉంటే ఈ రెండు నెలలూ ముందు దాని మీద కూర్చో, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ పనిలో చివరికి అన్నీ దానిలోని చక్కెర మీదున్న ఒక ఓహెచ్ గుంపు దగ్గరికే వస్తాయి.